చార్టర్డ్ బస్సులో నాలుగో చెయ్యి

నిజాముద్దీన్ వంతెన మీద, పొగమంచులో, మా బస్సు ఆగిపోయి ఉంది. ముందున్న లారీ వెనక దీపాలు రెండు ఎర్రగా, మసగ్గా వెలుగుతున్నాయి. అంతకు మించి యమున లేదు, ఆకాశం లేదు, ఢిల్లీ లేదు. నా మోకాళ్ళ మీద, ఇంకో ముగ్గురి మోకాళ్ళ మీద కలిపి ఒక బ్రీఫ్‌కేసు అడ్డంగా పరిచి ఉంది. దాని మీద పేకముక్కలు. నా చేతిలో ఒక ఆసు, ఒక రాజు, మూడు పనికిరాని ముక్కలు. ఎముకలు కొరికే చలిలో, పొట్టిచేతుల చొక్కా మీద ఇంకో పొట్టిచేతుల చొక్కా తొడుక్కున్న నాకు, అరచేతులు చెమట పట్టి ఆసు అంటుకుపోతోంది. "వెయ్యి బేటా, సాయంత్రంలోపు ఆఫీసుకి వెళ్ళాలి" అన్నారు ఎదురుగా కిటికీ దగ్గర కూర్చున్న పెద్దాయన. నేను ఓరకంట పక్క వరసలోకి చూశాను. అక్కడ స్వెటర్ అల్లుతున్న ఒకావిడ చేతిలో సూదులు కదలడం లేదు. మూడు నెలలుగా ఆ సూదులు ఆగడం నేను చూడలేదు. ఇప్పుడు ఆగాయి.

ఒక ఆసుని కింద వెయ్యడానికి ఇంత గుండెదడ ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఆ రోజుల్లో నాకు డబ్బు సంపాదించడం కన్నా మిగల్చడం గొప్ప విద్యగా కనిపించేది (సంపాదన ఎలాగూ నా చేతిలో లేదు కాబట్టి, గొప్పదనానికి ఆ ఒక్క దారే మిగిలింది). తణుకు నుంచి వచ్చి ఒక తెలుగు పత్రిక ఢిల్లీ ఆఫీసులో ట్రైనీగా చేరాను. ఉండేది మయూర్ విహార్‌లో, నాలుగో అంతస్తులో, ముగ్గురు పంచుకునే గదిలో. ఆఫీసు భికాజీ కామా ప్లేస్‌లో. మెట్రో అప్పటికి మా వైపు రాలేదు, దాని కోసం గోతులు కూడా తవ్వలేదు. రెండు బస్సులు మారాలి. మొదటి బస్సులో నిలబడటానికి చోటు దొరికేది, రెండోదాంట్లో ఒక కాలికి మాత్రమే దొరికేది. ఆటో ఎక్కితే నెల జీతం పదో తారీఖుకి అయిపోతుంది. అందుకని నేను నా తెలివితేటలు ఉపయోగించి ఒక పద్ధతి కనిపెట్టాను. టిక్కెట్టు ధర పెరిగే స్టాపుకి ఒక స్టాపు ముందే దిగిపోయి, అక్కణ్ణించి నడిచేవాణ్ణి. రెండు నెలలు నడిచాక బూటు అడుగు ఊడింది. మోతీబాగ్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన దాన్ని చేతిలో పట్టుకుని, నా ముఖంలోకి జాలిగా చూసి, రెండు నెలల్లో నేను మిగిల్చినదంతా తీసుకుని కొత్త అడుగు వేశాడు.

ఇంత కష్టపడి మిగల్చడం దేనికంటే, ఒక కోటు కోసం. సరోజినీ నగర్ మార్కెట్‌లో ఒక కొట్టు ముందు ముదురు గోధుమరంగు ఉన్ని కోటు వేలాడుతుండేది. మధ్యాహ్నం భోజనం వేళ నేను అక్కడిదాకా నడిచి వెళ్ళి, అదింకా అమ్ముడుపోలేదని చూసుకుని, వెనక్కి వచ్చేవాణ్ణి. అక్టోబరు వచ్చేసింది. మా ఊళ్ళో చలి అంటే తెల్లారుఝామున దుప్పటి కాళ్ళ మీదికి లాక్కోవడం. ఢిల్లీ చలి గురించి విన్నాను కాని, విన్నదానికి బట్టలు కుట్టించుకునే అలవాటు మా ఇంట్లో లేదు.

సరిగ్గా అప్పుడే మోకాలి బాబాయ్ నన్ను పిలిపించారు. ఆయన మా నాన్నగారి స్నేహితుడి తోడల్లుడు. ఢిల్లీలో ఆ మాత్రం చుట్టరికం ఉంటే సొంత బాబాయ్ కిందే లెక్క. ఆర్.కె. పురంలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం. మయూర్ విహార్‌లో మా వెనక బ్లాకులో ఇల్లు. మోకాలు పూర్తిగా మొరాయించింది కాబట్టి హైదరాబాదు వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని, బావమరిది ఇంట్లో మూడు నెలలు ఉండి రావాలని నిర్ణయమైంది. నేను వెళ్ళేసరికి కాలు స్టూలు మీద పెట్టుకుని, మోకాలి గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా, సీటు గురించి మొదలుపెట్టారు.

"ఏరా, ఆఫీసుకి ఎలా వెళ్తన్నావ్?"

"రెండు బస్సులు బాబాయ్. మధ్యలో కొంచెం నడక."

"నడకేంట్రా, బోడి నడక. నా చార్టర్డ్ సీటు ఉంది. మూడు నెలలూ నువ్వు కూర్చో. నెలకి ఇచ్చేదాంట్లో సగం నువ్వియ్యి, సగం నేనిస్తాను. నీకు డబ్బు కలిసొస్తది, నాకు సీటు ఉంటది. ఖాళీగా వదిలేశావంటే వెయిటింగ్ లిస్టులో వాళ్ళు రాబందుల్లా ఉన్నారక్కడ. పదకొండేళ్ళ సీటురా అది. నడవ పక్క సీటు. కాలు చాపుకోవచ్చు. అది పోయిందంటే నేను ఈ కాలుతో సిటీ బస్సు ఎక్కలేను, ఆటోకి తగలెయ్యలేను, వీఆర్ఎస్ తీసుకుని ఇంట్లో కూర్చోవాలి. పిల్లదాని చదువు ఇంకా రెండేళ్ళుంది."

చార్టర్డ్ బస్సంటే తెలియనివాళ్ళకి ఒక మాట. ఒక పేటలో ఉండే ఉద్యోగులు కొందరు కలిసి, నెలకింతని ఇచ్చి ఒక ప్రైవేటు బస్సుని మాట్లాడుకుంటారు. పొద్దున తీసుకెళ్తుంది, సాయంత్రం తీసుకొస్తుంది. ఎవరి సీటు వారిదే. పుట్టినరోజైతే ప్యాటీలు పంచుతారు, ప్రమోషనొస్తే బర్ఫీ. మంగళవారం ఆంజనేయస్వామి బూందీ. అది బస్సు కాదు, చక్రాల మీద తిరిగే ఒక కాలనీ.

"సరే బాబాయ్" అన్నాను. నా కళ్ళముందు గోధుమరంగు కోటు ఊగుతోంది.

"అన్నట్టు, పేక వచ్చా నీకు?"

మా ఊళ్ళో పెళ్ళివారి విడిదిలో, తెల్లవార్లూ జరిగే పేకాట వెనక కూర్చుని, మామయ్యల భుజాల మీదుగా చూస్తూ పెరిగినవాణ్ణి. "రాకపోవడమేంటి బాబాయ్" అన్నాను, కాస్త దెబ్బతిన్నట్టు.

"అయితే ఇంకేం. వాళ్ళు కాస్త ఆడుతుంటారు. నా చెయ్యి నువ్వు పట్టుకో" అని, ఆయన హాయిగా కళ్ళు మూసుకున్నారు. తెలుగువాడు తెలుగువాణ్ణి పేక వచ్చా అనడిగితే ఏ ఆట అని చెప్పనక్కర్లేదు. అంతవరకూ ఇద్దరిదీ తప్పు లేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బాబాయ్ చెప్పిన వరస వెతుక్కుని వెళ్ళేసరికి నాకర్థమైంది, నేను సగం ధరకి కొనుక్కున్నది సీటు కాదు, ఉద్యోగం అని. వెనక నుంచి మూడో వరసలో ఒక సీటుని విప్పించి, వెనక్కి తిప్పి బిగించుకున్నారు. ఎదురెదురుగా రెండు సీట్లు, నలుగురు మనుషులు, మధ్యలో బ్రీఫ్‌కేసు. ముగ్గురు అప్పటికే కూర్చుని ఉన్నారు. నాకు ఐమూలగా, ఎదుటి కిటికీ దగ్గర ఉన్నది పెన్షన్ సాబ్. పెన్షన్ల సెక్షన్‌లో పని చేస్తారు, తనే త్వరలో పెన్షన్‌లోకి వెళ్తారు, బస్సు కమిటీకి ఇరవై ఏళ్ళుగా సెక్రటరీ. ఆటలో నా జోడీ. నా పక్కన కిటికీ దగ్గర ఉన్నది మఫ్లర్ భాయ్. అక్టోబరు ఒకటో తారీఖున మెడకి చుట్టిన మఫ్లర్‌ని హోళీకి విప్పుతారట. నాకు సరిగ్గా ఎదురుగా ఉన్నది రిజిస్టర్. ఏ ముక్క ఎవరు ఎప్పుడు వేశారో, ఈ ఆటలోదే కాదు, కిందటి గురువారం ఆటలోదైనా అప్పజెప్పగలడు కాబట్టి ఆ పేరు. (నాకు తెలిసిన మేరకు ఈ పేర్లన్నీ మోకాలి బాబాయ్ పెట్టినవే. వాళ్ళు ఆయనకి పెట్టిన పేరు నేను అడగలేదు.)

"రావు సాబ్ బదులు నువ్వేనా? పేక వచ్చా?" అన్నారు పెన్షన్ సాబ్.

"జీ హాఁ, మైఁ భలీ భాఁతి జానతా హూఁ" అన్నాను. నాకు చక్కగా తెలుసని దాని అర్థం. నా హిందీ పరీక్షలు రాసి నేర్చుకున్న హిందీ. దానికి మఫ్లర్ భాయ్ ముచ్చటపడి, "వాహ్, రేడియో వార్తలొచ్చాయి" అన్నారు.

ముక్కలు పంచారు. నేను వాటిని తీసి, మామయ్యల పద్ధతిలో విసనకర్రలా పరిచి, ఇస్పేట్లు ఇస్పేట్లతో, కళావర్లు కళావర్లతో పేర్చి, లెక్క చూసుకుని, మర్యాదగా అడిగాను. "పన్నెండే వచ్చాయి. పదమూడో ముక్క ఏదీ?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నా తలపైన, రాడ్ పట్టుకుని నిలబడ్డ ఒక మనిషి దీర్ఘంగా నిట్టూర్చాడు. నేను ఇంకా ధైర్యంగా, ఆఠీను అయిదూ ఆరూ ఏడూ బ్రీఫ్‌కేసు మీద అందంగా పరిచి, "చూడండి, జోకర్ లేకుండా" అన్నాను.

ఢిల్లీ ఆఫీసుల పచ్చికబయళ్ళ మీద, చార్టర్డ్ బస్సుల్లో ఆడే ఆటని సీప్ అంటారు. దానికీ మన రమ్మీకీ ఉన్న సంబంధం ఒక్కటే, రెండింటికీ పేకముక్కలు కావాలి. ఇందులో ముక్కల విలువలు (ఆసు ఒకటి, రాణి పన్నెండు, రాజు పదమూడు) కూడి తొమ్మిది నుంచి పదమూడు దాకా కింద 'ఇళ్ళు' కడతారు. కట్టినవాడు సరిపడ్డ ముక్కతో తర్వాత ఆ ఇంటిని ఎత్తుకుంటాడు. ఆలోగా పక్కవాడు ఎత్తుకుపోవచ్చు. కింద ఉన్నదంతా ఒక్క దెబ్బకి ఊడ్చేస్తే దాన్నే సీప్ అంటారు, బోలెడు పాయింట్లు. అంటే ఒకరు కట్టిన ఇల్లు ఇంకొకరు ఆక్రమించే ఆట. ఢిల్లీలో అద్దెకుండేవాళ్ళకి సులువుగా వంటబట్టాలి. నాకు పట్టలేదు.

ఆటలో డబ్బుల్లేవు. కాని ఒక ఆచారం ఉంది. వారమంతా ఆడి ఓడిన జోడీ శుక్రవారం సాయంత్రం బస్సందరికీ వేరుశెనక్కాయలు పంచాలి. వేయించినవి, తొక్కతో. బస్సులో నలభై మందికి పైగా ఉండేవారు. మొదటి శుక్రవారం పెన్షన్ సాబ్ నా భుజం మీద చెయ్యేసి, "జోడీ అన్నాక బాధ్యత సగం సగం. ఓడిపోయింది నీ ఆటతో, కాబట్టి నా సగం నేను ఆడేశాను" అన్నారు. ఆ లాజిక్ నాకప్పుడు సరిగానే అనిపించింది. ఆ శుక్రవారం, ఆ తర్వాతి శుక్రవారం, ఆ తర్వాతిది కూడా, నేను సంచీ భుజాన వేసుకుని ముందు సీటు నుంచి వెనక సీటు దాకా వేరుశెనక్కాయలు పంచాను. బస్సులో అందరూ నన్ను మూంగ్‌ఫలీ, అంటే వేరుశెనక్కాయ, అని పిలవడం మొదలుపెట్టారు. సగం ధర సీటుతో మిగిలింది ఎంతో, వేరుశెనక్కాయల కింద పోయింది ఎంతో లెక్క వెయ్యడానికి ధైర్యం చాలలేదు. మధ్యాహ్నాలు సరోజినీ నగర్ వెళ్ళడం మానేశాను. కోటుని చూడాలంటే ముఖం చెల్లలేదు.

నా తలపైన నిట్టూర్చే మనిషి పేరు స్టాండ్‌బై. కాస్త తక్కువ డబ్బిచ్చి నిలబడి వెళ్ళేవాళ్ళు ఇద్దరు ముగ్గురుండేవారు. ఇతను వెయిటింగ్ లిస్టులో మొదటివాడు. సీప్‌లో సిద్ధహస్తుడు. రోజూ నా సీటు రాడ్ పట్టుకుని, నా ముక్కలు చూస్తూ, నేను చెయ్యి కదపబోయే ముందే "ఉఁహూఁ" అని గొంతులో చిన్న శబ్దం చేసేవాడు. నేను భయపడి ఇంకో ముక్క మీదికి వెళ్తే అప్పుడూ అదే శబ్దం. ఏ ముక్క వేసినా అతను బాధపడేవాడు. మంచివాడే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉద్యోగమట, బస్సులోనైనా కూర్చోవాలని ఆశ. "బురా మత్ మాన్‌నా భాయ్, నువ్వు కూర్చుని ఓడిపోవడం చూస్తూ నిలబడటం కష్టంగా ఉంది" అన్నాడొకసారి. నాకు కోపం రాలేదు. అతని చోట్లో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి, కాకపోతే వ్యాకరణబద్ధంగా.

నవంబరు చివర్లో పెన్షన్ సాబ్ ఒక సాయంత్రం నన్ను బస్సు దిగాక పక్కకి పిలిచారు.

"దేఖో బేటా, రావు సాబ్ నాకు తమ్ముడి లాంటివాడు. కాని కొత్త సంవత్సరానికి సీట్ల లిస్టు మళ్ళీ రాయాలి. సీటు అతని పేరున ఉంది, మనిషి హైదరాబాద్‌లో ఉన్నాడు. చెయ్యి ఉంటే నేను నోరు విప్పగలను. చెయ్యి కూడా లేకపోతే కమిటీకి ఏం చెప్పను? మఫ్లర్, రిజిస్టర్ ఇద్దరూ స్టాండ్‌బై వైపే."

"అంకుల్, ఆయన మోకాలు…"

"మోకాలు నాకు తెలుసు. డిసెంబరు ఆఖరి శుక్రవారం దాకా టైమిస్తున్నా. ఆ ఒక్క వారం మనం గెలవాలి. గెలిస్తే లిస్టు ఉన్నదున్నట్టు ఉంటుంది. ఓడితే స్టాండ్‌బై కూర్చుంటాడు. ఠీక్ హై?"

ఆదివారం మా ఇంటి ఓనరు ఫోనుకి మోకాలి బాబాయ్ హైదరాబాదు నుంచి చేసేవారు. "ఎలా ఉంది బాబాయ్ కాలు?" అంటే "కాలుకేంటి, గోడ పట్టుకుని నడిపిస్తన్నారు. సీటెలా ఉంది?" అనేవారు. "బావుంది బాబాయ్" అనేవాణ్ణి. "ఆట?" "ఆడుతున్నాను బాబాయ్." ఇందులో ఏదీ అబద్ధం కాదు. "జాగ్రత్తరా, ఆ సీటు మీదే నా ఉద్యోగం ఉంది" అని ఫోను పెట్టేసేవారు.

ఇక్కడ స్వెటర్ ఆంటీ గురించి చెప్పాలి. నడవకి అటుపక్క, నా వరసలోనే ఆవిడ సీటు. ఏదో ఆఫీసులో స్టెనో, మార్చిలో రిటైరవుతారు. ఎక్కగానే సంచీలోంచి ముదురు నీలం ఊలు తీసి మొదలుపెడితే దిగేదాకా ఆపేవారు కాదు. సూదుల వైపు చూసేవారు కాదు. ఎటు చూసేవారంటే, మా బ్రీఫ్‌కేసు వైపు, నా ముక్కల వైపు, లేదా కిటికీలోంచి బయటికి. మూడూ ఒకే దిక్కు. ఒకసారి నా వీపుకి స్వెటర్ వెనక భాగం ఆనించి చూసి, "మా మేనల్లుడిది కూడా ఇంతే వీపు. కదలకు" అన్నారు. నేను ఓడిపోతున్నప్పుడు నన్ను వెక్కిరించని మనిషి బస్సులో ఆవిడొక్కరే.

డిసెంబరు మొదటి వారంలో నేను గమనించాను. నేను రాణితో ఒక ఇల్లు ఎత్తుకోవాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. ఆంటీ వరస పూర్తిచేసి, అల్లికని ఫట్‌మని ఇటు తిప్పారు. ఎందుకో నేను కూడా అదే క్షణంలో ఎత్తుకున్నాను. పెన్షన్ సాబ్ "అరే శాబాశ్" అన్నారు. రెండు నెలల్లో నేను విన్న మొదటి మెప్పు. మర్నాడు నేను ముక్క తియ్యబోతుంటే ఆవిడ సంచీలోంచి ఊలు బారెడు లాగారు. నేను ఆగాను. ఆగడం మంచిదైంది. మూడోరోజు ఒక సూది తీసి కొప్పులో గుచ్చుకున్నారు. పెద్ద ముక్క దాచుకోమని అర్థం చేసుకున్నాను. అదీ సరిపోయింది.

అంతే, నాకు గుట్టు తెలిసిపోయింది. పత్రికలో చేరినవాడికి ఆధారాల కన్నా ముందు అనుమానం వస్తుంది, దాన్నే వార్త అనుకుంటాడు. ఇరవై ఏళ్ళుగా నడవ పక్కన కూర్చుని ఆ ఆటని చూస్తున్న మనిషి, ఆడవాళ్ళని ఆటలోకి రానివ్వని ఆ బ్రీఫ్‌కేసు మీద కసి తీర్చుకోవడానికి నన్ను ఎంచుకుందని ఒక కథ అల్లుకున్నాను. రాత్రి గదిలో కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. అల్లిక తిప్పితే, ఎత్తుకో. ఊలు లాగితే, ఆగు. కొప్పులో సూది, దాచు. గొంతు సవరించుకుంటే, ఇల్లు కట్టు. (ఆవిడకి ఆ వారం జలుబు చేసింది. ఆ వారం నేను చాలా ఇళ్ళు కట్టాను.)

ఎలా జరిగిందో చెప్పలేను కాని, ఓడటం తగ్గింది. ఒక వారం మఫ్లర్ భాయ్ జోడీ వేరుశెనక్కాయలు పంచింది. మూంగ్‌ఫలీ తినడం ఎంత బావుంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. స్టాండ్‌బై "ఉఁహూఁ" అనడం తగ్గించి, "హూఁ" అనడం మొదలుపెట్టాడు. "ఎక్కడ నేర్చుకుంటున్నావ్?" అని అడిగాడు అనుమానంగా. "అభ్యాస్" అన్నాను, వీలైనంత గంభీరంగా.

అలా ఆఖరి శుక్రవారం వచ్చింది. ఆ వారం అప్పటిదాకా సమానంగా ఉన్నాం. పొద్దున ట్రిప్పులోనే తేలిపోవాలి, సాయంత్రం లిస్టు రాస్తారు. పొగమంచు దట్టంగా ఉంది. బస్సు వంతెన మీదికెక్కి ఆగిపోయింది. ఆట చివరికొచ్చింది. మఫ్లర్ భాయ్ కింద ఉన్న ఇస్పేటు పదికి రెండు కలిపి పన్నెండు ఇల్లు కట్టారు. బ్రీఫ్‌కేసు మీద అది తప్ప ఏమీ లేదు. అంటే ఆయన దగ్గర రాణి ఉంది, తన వంతు రాగానే ఎత్తుకుంటారు, ఆట వాళ్ళది. నా దగ్గర రాణి లేదు. కాని ఆసు, రాజు ఉన్నాయి. ఆసుని ఆ ఇంటి మీద వేస్తే పన్నెండు పదమూడవుతుంది, పరాయి ఇల్లు నాదవుతుంది, రాజుతో ఎత్తుకోవచ్చు. చిక్కల్లా నా తర్వాత వెయ్యాల్సింది రిజిస్టర్. అతని దగ్గర గనక ఇంకో రాజు ఉంటే, కింద వేరే ముక్క లేదు కాబట్టి మొత్తం ఊడ్చేస్తాడు. సీప్. ఆటా పోయె, సీటూ పోయె. రాజులు రెండు వెళ్ళిపోయాయని నాకు గుర్తు. లేక ఒకటేనా? ఒకటి నా దగ్గరుంది. మిగిలింది ఎవరి దగ్గర?

అప్పుడు నేను ఓరకంట చూడటం, సూదులు ఆగి ఉండటం.

నా నోట్‌బుక్‌లో దానికి అర్థం లేదు. ఆగిన సూదులంటే ఆపమనా? ఇంక చెప్పడానికేమీ లేదు వెయ్యమనా? నేను మొదటిసారి నేరుగా తల తిప్పి ఆవిడ ముఖం చూశాను. ఆవిడ నన్ను చూడటం లేదు. కిటికీలోంచి పొగమంచులోకో, మా బ్రీఫ్‌కేసు మీదికో, చెప్పాను కదా, మూడూ ఒకే దిక్కు. పెదవులు చిన్నగా కదులుతున్నాయి.

"భాయ్, ఆ లారీ కూడా నీ కోసమే ఆగింది" అన్నారు మఫ్లర్ భాయ్.

మోకాలి బాబాయ్ గోడ పట్టుకుని నడుస్తున్నట్టు కనిపించింది. కోటు కనిపించలేదు, అది ఎప్పుడో మనసులోంచి పోయింది. ఎవరి సైగా లేకుండా ఆ బస్సులో నేను ఆడిన మొదటి ముక్క అది. ఆసు తీసి ఆ ఇంటి మీద పెట్టాను. తలపైన స్టాండ్‌బై రాడ్ పట్టుకుని ముందుకి వంగాడు. ఆ రోజు "ఉఁహూఁ" అనలేదు, "హూఁ" అని కూడా అనలేదు.

రిజిస్టర్ ముక్కల్ని ఒకటి తర్వాత ఒకటి పైకి తీసి, కిందికి దింపి, ఒకదాని మీద వేలితో మూడుసార్లు కొట్టి, చివరికి ఒక కళావరు నాలుగు కింద పడేశాడు. అతని దగ్గర లేదు. నేను ఊపిరి వదిలేలోపే పెన్షన్ సాబ్, పండగనాడు మిఠాయి పెట్టె తెరిచినంత నెమ్మదిగా, తన చేతిలోంచి ఒక రాజుని తీసి బ్రీఫ్‌కేసు మీద పెట్టి ఇంటిని ఎత్తుకున్నారు. అంతసేపూ ఆయన దగ్గరే ఉందన్నమాట. "రాజు నా దగ్గరుంటే భయమెందుకయ్యా?" అన్నారు. "నాకెలా తెలుస్తుంది అంకుల్?" అన్నాను. "నా ముఖం చూడొచ్చు కదా. ఎప్పుడు చూసినా ఆ పక్కకి చూస్తావ్" అన్నారు.

బస్సు కదిలింది. సాయంత్రం లిస్టు ఉన్నదున్నట్టు రాశారు. వేరుశెనక్కాయలు మఫ్లర్ భాయ్ పంచారు. స్టాండ్‌బై గుప్పెడు తీసుకుని, ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టి, "ఇంకో ఏడాది నిలబడతాను, ఏం చేస్తాం" అన్నాడు. అది తినడానికి నాకు ఆశ్రమ్ చౌరస్తా దాకా పట్టింది. (అతనికి ఏడాది పట్టలేదు. మార్చిలో స్వెటర్ ఆంటీ సీటు ఖాళీ అయ్యింది.)

జనవరి మధ్యలో మోకాలి బాబాయ్ కర్రతో వచ్చి, తన సీట్లో కూర్చుని, నడవలోకి కాలు చాపుకున్నారు. నేను మళ్ళీ రెండు బస్సుల్లోకి వెళ్ళిపోయాను. కోటు కొనలేదు, ఆ పాటికి ఎవరో కొనేశారు. మూడు నెలల పొదుపు అంతా మయూర్ విహార్ నుంచి ఆర్.కె. పురం దాకా తొక్కలై రాలిపోయింది. మోకాలి బాబాయ్‌కి నేను రమ్మీ పరిచిన సంగతి పెన్షన్ సాబ్ చెప్పేశారు. "పేక వచ్చన్నావు కదరా" అన్నారు ఆయన. "మీరు ఏ పేకని చెప్పలేదు కదా బాబాయ్" అన్నాను. ఇద్దరం ఆ విషయం అక్కడితో వదిలేశాం.

మార్చి ఆఖరి పనిరోజున ఆంటీకి వీడ్కోలని పెన్షన్ సాబ్ కబురు చేస్తే నేనూ ఆ బస్సెక్కాను, నిలబడి. ఆవిడ సంచీలోంచి ముదురు నీలం స్వెటర్ తీసి నా చేతిలో పెట్టి, "మేనల్లుడు లావయ్యాడు, వాడికి పట్టదు" అన్నారు. నేను ఇక ఆగలేక అడిగేశాను, నాకు సైగలు చేసింది మీరే కదా అని. "కౌన్‌సా ఇషారా బేటా?" అన్నారు. అల్లిక తిప్పడం, ఊలు లాగడం, కొప్పులో సూది, అన్నీ చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. "మరి వంతెన మీద సూదులు ఎందుకు ఆపారు?" అన్నాను. "ఫందే గిన్ రహీ థీ. కుట్లు లెక్కపెట్టుకుంటున్నా. మూడు నెలలు నీ ముక్కలు చూస్తూ అల్లితే లెక్క తప్పదా మరి?" అని, తన స్టాపు రావడంతో దిగిపోయారు. ఆ జవాబులో ఉన్నది ఔనో కాదో ఆలోచించేలోపు బస్సు కదిలిపోయింది. ఆ తర్వాత డెహ్రాడూన్ వెళ్ళిపోయారని విన్నాను.

ఇప్పుడు ఆ దారిలో మెట్రో వచ్చింది. మొన్న పనిమీద మయూర్ విహార్ నుంచి ఎక్కితే, బస్సు మారకుండా, చెమట పట్టకుండా, భికాజీ కామా ప్లేస్‌లో దిగాను. పక్కనున్న కుర్రాడు ఫోనులో రమ్మీ ఆడుతున్నాడు, పదమూడు ముక్కలూ విసనకర్రలా పరిచి. ఆఠీను ఆరు వెయ్యబోతుంటే నా గొంతులోంచి "ఉఁహూఁ" అని నాకు తెలియకుండానే వచ్చింది. అతను తలెత్తి చూశాడు. నేను స్టేషన్ల పట్టిక చదువుతున్నట్టు నటించాను.

స్వెటర్ ఇంకా ఉంది. నాకూ ఇప్పుడు పట్టదు. ఎడమ భుజానికి నాలుగు వేళ్ళ కింద ఒక వరస తిరగబడి ఉంటుంది, మిగతాదంతా నున్నగా ఉంటే అదొక్కటి గరుకుగా. విప్పి సరిచేస్తానని మా ఆవిడ రెండుసార్లు సూదులు తీసింది. నేను ఒప్పుకోలేదు. ఆ వరస వంతెన మీద అల్లిందో, ఇంకెక్కడైనా అల్లిందో చెప్పగలిగిన మనిషి చిరునామా నా దగ్గర లేదు.